కొంగు తాడు

భాలుబాసా, జంషెడ్‌పూర్.
12-8-1986.

శ్రీవారికి పద్మకుమారి నమస్కారాలు. ఇక్కడ అత్తగారూ, గౌరీ, నేనూ కులాసాగానే ఉన్నాం. విశాఖ ఉక్కు పనుల్లో మీరు వేళకు తింటున్నారని నమ్ముతున్నాను. నమ్మక చేసేదేముంది.

గౌరి సంగతి అడిగారు. పిల్ల పెద్దమనిషై రెండేళ్ళు దాటినా నెలసరి దారికి రాలేదు. మొదలైతే వారాల తరబడి ఆగదు. ఆగేదాకా బడి మానేసి వరండాలో గోనెపట్టా మీద కూర్చోవడమే. ముఖం పాలిపోయింది. పోయిన ఉత్తరంలో రాశాను కదా, డాక్టరమ్మ మందులిస్తూ, వాటికి తోడుగా ఆక్సిజన్ కాస్త తగ్గించిన గాలిని మాస్కుతో పీల్పిస్తానన్నారు. రష్యాలో నేర్చుకున్నారట. ఎత్తయిన కొండల మీద గాలి అలాగే ఉంటుందట. మందులు మాత్రం మానకూడదన్నారు.

మీరేమో, గ్యాసు లైనులో పనిచేసినవాణ్ణి, ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుందో నాకు తెలుసు, పిల్లని తీసుకెళ్ళొద్దు అని రాశారు. మీ భయాన్ని తీసిపారెయ్యను. మీ జతగాడు ఊపిరాడక పైపులో పడిపోయిన రోజు మీరు అన్నం ముట్టలేదు.

ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను. "ఆడు సెప్పింది నిజమే. అయితే కుర్రోణ్ణి లైనులోకి దింపే ముందు పెద్దోడు దిగుతాడు కదేటి, నడుముకి తాడు కట్టుకుని" అన్నారు.

ఇక దాచలేను. నిన్న ముగ్గురం వెళ్ళాం. ముందు మాస్కు నేనే పెట్టుకున్నాను. డాక్టరమ్మ నవ్వి ఒప్పుకుని, నా నాడి పట్టుకుని కూర్చున్నారు. అత్తగారు నా కొంగు చేతికి చుట్టుకుని, "కళ్ళు తిరిగితే లాగేత్తాను" అని పక్కనే నిలబడ్డారు. కాస్త ఆయాసం వచ్చింది, గుండె దడదడలాడింది, అంతే.

తర్వాత గౌరి. అదింకా మైలలోనే ఉంది. ఇన్ని వారాలూ అత్తగారు దాని బట్ట కూడా తగలనివ్వలేదు. మాస్కు దగ్గరికి రాగానే పిల్ల వెనక్కి జరిగింది. "దాదీ, ముఝే భీ పకడో" అంది, నన్నూ పట్టుకోమని. అత్తగారు ఒక్క క్షణం ఆగారు. తర్వాత దాని ఓణీ చెంగు తీసి తన చేతికి చుట్టుకున్నారు. "పట్టుకున్నానే తల్లీ, వదల్ను. నువ్వు ఊపిరి తియ్" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక గోనెపట్టా మడిచి అటకెక్కించిందీ ఆవిడే.

నయమవుతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు, చూద్దామన్నారు. శుక్రవారం మళ్ళీ వెళ్తాం. మీకు వద్దనాలని ఉంటే ఉత్తరం రాయకండి. వచ్చి, మీ అమ్మ చేతిలోంచి ఆ చెంగు మీరే విడిపించండి.

ఇట్లు,
మీ మాట దాటిన ఇల్లాలు,
గౌరి తల్లి.