నాయన మొహం గీసే చేయి

అక్కకు,

తమ్ముడు ఓబులేసు దండం పెట్టి రాసేది. హైదరాబాదులో నేను బాగానే ఉన్నాను. నువ్వూ నాయనా పిల్లలూ వేళకు తింటున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే నాయన నీ పక్కనే ఉంటాడు, అందుకే కాగితం పట్టాను.

ఇక్కడ ఎండ మన ఉరవకొండంత లేదు. మెస్సులో రెండు పూటలా అన్నమే, రాగి సంకటికి ప్రాణం లాగుతోంది. పత్రికాఫీసులో బొమ్మలేసేవాళ్లంతా కాలేజీలో నేర్చుకున్నవాళ్లు. ఎన్నికలప్పుడు గోడల మీద పార్టీ గుర్తులేసి చేయి తిప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నీ గురువెవరని అడుగుతుంటారు.

నాయనే కదా గురువు. చిన్నప్పుడు నేను బొగ్గుతో గీస్తుంటే కదలకుండా కూర్చున్నది ఆయనే. అందుకే రైతు అనగానే నా చేయి ఆ కోరమీసం, ఆ తలగుడ్డ, తెగిన చెవితమ్మె గీసేస్తుంది. మొన్నటి కార్టూన్‌లో కూడా అంతే. కరువు చూడ్డానికొచ్చిన మన నాయకుడు చేలో నిలబడి సీసా నీళ్లు తాగుతుంటే రైతు అంటాడు, "సామీ, పుక్కిలించేదేదో మా చేన్లోనే పుక్కిలించండి, తడుస్తాది." ఎడిటరు పగలబడి నవ్వి అచ్చేశాడు.

నాయన బయటికి పోయినప్పుడు నువ్వు ఫోన్‌లో చెప్పిందే రోజూ తలుచుకుంటున్నాను. ఆ నాయకుడి మనుషులు టీ కొట్టు దగ్గర నాయన చేతికి నీళ్ల చెంబిచ్చి, "ఏమప్పా, బొమ్మలో బాగా మాట్లాడినావే. ఏదీ, ఈడ పుక్కిలించు, చూస్తాం" అన్నారట. అందరూ చూస్తుండగా చెంబు ఖాళీ అయ్యేదాకా పుక్కిలించాడట. మాట్లాడింది నేను కాదు, గీసింది నా కొడుకని కూడా అనలేదట. తెల్లారి పోయి మీసం తీయించుకుని వచ్చి, "ఇంక ఆ బొమ్మలో ఉండేది నేను కాదులేమ్మా, వాన్ని గీసుకోనీ" అన్నాడట.

వాళ్ల మీద కోపంతో ఒళ్లు మండుతోంది అక్కా. వేరే రైతును గీద్దామని కూర్చుంటే ఎట్లా తిప్పినా నాయనే వస్తున్నాడు. నా అవస్థ చూసి ఎడిటరు, "కొన్నాళ్లు రైతులొద్దు, సినిమావాళ్లను వెయ్యి" అన్నాడు. అవే వేస్తున్నాను. నాయన పేపరు అడిగితే ఊరికి రాలేదని చెప్పు. మీసం ఊరికే పోయిందని ఆయనకు తెలియకూడదు.

పిల్లలకు ముద్దులు. నాయన పాదాలకు నా తరఫున దండం పెట్టు. ఆయన ఫోటో మాత్రం తీసి పంపొద్దు. చూశానంటే నా చేయి ఆ మొహం కూడా నేర్చుకుంటుంది.

నీ తమ్ముడు,
ఓబులేసు