పసుపు చార

ఏమండీ,

ముందుగా నా రాతను మన్నించండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. అక్షరాలు కూడా వరుసలో నిలబడవు, ఒకటి పైకి పోతే ఒకటి కిందికి జారుతుంది. మీరు గోడ మీద గీత కొట్టే దారం లాంటిది కాగితానికి కూడా ఉంటే బాగుండేది. తప్పులున్న చోట మీరే దిద్దుకుని చదువుకోండి.

మీకు నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా బాగున్నాం. మీరు బాగున్నారని మీ ఉత్తరం చెప్పింది కానీ, మీ నోటితో వినేదాకా నేను సగమే నమ్ముతాను.

అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. "తగ్గిందని రాయకు, రాస్తే వాడు అడగడం మానేస్తాడు" అన్నారు. కాబట్టి మీరు ఈసారి కూడా అడగండి. వంటింటి కుళాయి కారడం ఆగిపోయింది. ఆ చుక్కల చప్పుడు లేక రెండు రోజులు ఇల్లు బోసిగా అనిపించింది.

మీరు ఓడలకు రంగులు వేసే కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారని, నెలాఖరులోగా చెప్పాలని, నా మాటేమిటని అడిగారు. ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో మరొకటి కూడా అడిగారు. బస్సు కదిలినప్పుడు నీ ముఖంలో ఏమీ కనిపించలేదు, నేను వెళ్లడం నీకు హాయిగానే ఉందా అని. ఆ రెండింటికీ చివర్లో జవాబు రాస్తాను. ముందే కాగితం తిప్పి చూడకండి.

నా పని గురించి అడిగారు కదా. బొమ్మలు వేసే ఒక పెద్దావిడ దగ్గర పని. పాత గిడ్డంగి పై అంతస్తులో ఆవిడ గది. కింద అట్టపెట్టెలు చేస్తారు, పొద్దంతా జిగురు వాసన. నేల తుడవడం, కుంచెలు కడగడం, డబ్బాల్లో రంగు మీద కట్టిన తెట్టు తీయడం, చట్రానికి గుడ్డ బిగించేటప్పుడు రెండో వైపు పట్టుకోవడం నా పని. తుడవడానికి గుడ్డలు ఇంటి నుంచే తీసుకెళ్తున్నాను. మీ పాత నీలం చొక్కా చింపాను, కోప్పడకండి, మోచేతుల దగ్గర ఎప్పుడో పోయింది.

బొమ్మ అంటే మనిషో చెట్టో అనుకునేరు. మొదటి వారం నేనూ వాటి కోసం వెతికాను. మన గది గోడంత గుడ్డ. పైన సగం పసుపు. కింద సగం ఎరుపు, ఇటుక పొడిని నీళ్లలో కలిపినట్టు లోతుగా. మధ్యలో రంగు వేయకుండా వదిలేసిన బెత్తెడు ఖాళీ, మూసిన తలుపు కింద నుంచి వెలుతురు వచ్చినట్టు. అంతే. రంగుల మేస్త్రీ భార్యను కదా, నోరు ఊరుకోక అడిగేశాను.

"రెండో కోటు ఎప్పుడు వేస్తారండీ?"

అమ్మగారు కుంచె కింద పెట్టి మరీ నవ్వారు. నాకు సిగ్గేసి రెండు రోజులు తల ఎత్తలేదు. మూడో రోజు ఆవిడే పిలిచి చెప్పారు. చిన్నప్పుడు ఆవిడా చెట్లూ ఇళ్లూ మనుషులూ వేసేవారట. తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారట. ఇల్లు తీసేసినా ఇంట్లో ఉన్న చల్లదనం మిగిలింది, మనిషిని తీసేసినా మనిషి మీద బెంగ మిగిలింది. "అన్నీ పొమ్మన్నాను. ఇవి రెండే పొమ్మన్నా పోలేదు" అని ఆ పసుపునీ ఎరుపునీ చూపించారు.

అప్పుడు నాకు అర్థమైందని చెప్పను. కానీ ఆ రోజు నుంచి నేల తుడుస్తూ తుడుస్తూ దాని ముందుకొచ్చేసరికి నా చెయ్యి నెమ్మదించేది. పదకొండు గంటలకు పెద్ద కిటికీలోంచి ఎండ వస్తుంది. అప్పుడు ఆ ఎరుపు కదులుతుంది. నిజమండీ. కళ్లు మూసుకుని ఎండకేసి ముఖం పెడితే రెప్పల లోపల కనిపించే ఎరుపు అది. ఆ పసుపేమో మీరు మధ్యాహ్నం పని లేని రోజున చాప మీద పడుకుంటే, కిటికీకి కట్టిన పాత దుప్పటిలోంచి మీ వీపు మీద పడే వెలుతురు. దాని ముందు నిలబడితే నేను ఏ ఊళ్లో ఉన్నానో, చేతిలో ఏముందో గుర్తుండేది కాదు. ఒకసారి బకెట్‌లో వేడినీళ్లు చల్లారిపోయేదాకా నిలబడ్డాను.

ఒకరోజు నేను మరిచిపోయిన అన్నం డబ్బా తీసుకుని అత్తయ్య వచ్చారు. బొమ్మను ఎగాదిగా చూసి, "గోడకు వేస్తే ఇల్లన్నా పది కాలాలు నిలుస్తుంది. గుడ్డకెందుకమ్మా ఇంత రంగు?" అన్నారు. "గోడలకు వేస్తే మీ అబ్బాయికి పోటీ అవుతాను కదా" అన్నారు అమ్మగారు. అత్తయ్య నవ్వలేదు. కాసేపు అలాగే చూశారు. ఇంటికొచ్చే దారిలో, మావయ్య ఉన్నప్పుడు ఒక చీర ఉండేదని, సరిగ్గా ఆ పసుపేనని అన్నారు.

అన్నట్టు, ఓడలన్నిటికీ ఒకటే బూడిద రంగు, కళ్లు మూసుకున్నా అదే కనిపిస్తోందని విసుగ్గా రాశారు. అమ్మగారికి చెప్పాను. "ఒకటే అని ఎవరన్నారు? పొద్దున ఒకసారి, ఎండ దిగాక ఒకసారి చూడమను" అన్నారు. చూసి చెప్పండి, నేను ఆవిడకు చెబుతాను.

ఇక ఇన్ని పేజీలు ఎందుకు నింపుతున్నానో అక్కడికొస్తున్నాను.

ఆ బొమ్మలో ఒక చార ఉండేది. అమ్మగారు ఒకరోజు పసుపు మీద ఇంకాస్త పల్చటి పసుపు వేశారు. అందులోంచి ఒక్క చుక్క బరువెక్కి కిందికి జారింది. ఖాళీని దాటి, ఎరుపులోకి దిగి, సగంలో ఆగింది. అమ్మగారు దాన్ని చూశారు, కుంచె పక్కన పెట్టారు, టీ తాగడానికి కిందికి వెళ్లారు. నేను నేల తుడుస్తూ ఆ పక్కకు వచ్చాను.

పెళ్లైన కొత్తలో మీకు అన్నం తెచ్చినప్పుడల్లా నా చేతికి గుడ్డ ఇచ్చి "నువ్వు చారలు చూడు" అనేవారు, గుర్తుందా? కారిన చార ఆరిపోతే మేస్త్రీ చేతగానితనం ఊరంతా చదువుతుందనేవారు. ఎన్ని గోడల మీద తుడిచానో. ఏమీ ఆలోచించలేదండీ. నా చెయ్యి నన్ను అడగలేదు. చేతిలో ఉన్న నీలం చొక్కా గుడ్డను కాస్త టర్పెంటైన్‌లో తడిపి, కింద నుంచి పైకి, మీరు నేర్పినట్టే మచ్చ మిగలకుండా తుడిచేశాను. ఎంత బాగా తుడిచానో అని మురిసిపోయాను కూడా.

అమ్మగారు పైకొచ్చి కుర్చీలో కూర్చున్నారు. చూశారు. లేచి దగ్గరికెళ్లి చూశారు. మళ్లీ కూర్చున్నారు. సాయంత్రం దాకా కుంచె ముట్టుకోలేదు. మర్నాడూ అంతే. అప్పుడు నేనూ చూశాను. ఆ పసుపుకీ ఎరుపుకీ మధ్య ఉన్న దారి అదొక్కటే. అది లేకపోయేసరికి రెండూ అలిగిన ఆలుమగల్లా ఎవరి గోడవైపు వాళ్లు తిరిగి పడుకున్నట్టున్నాయి. పదకొండు గంటల ఎండ వచ్చినా ఎరుపు కదల్లేదు.

చెబుదామని నోటిదాకా వచ్చేది. నా సంగతి మీకు తెలుసు కదా, నలుగురిలో మంచినీళ్లు అడగడానికే నాకు నోరు పెగలదు. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. తుడిచిన ఆ గుడ్డను అన్నం డబ్బా అడుగున దాచి, ఇంటికీ పనికీ మోశాను. అమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, తన చూపు పోతోందని, లేని చారను ఉందనుకున్నానేమోనని తనలో తానే అనుకునేవారు. తొమ్మిదో రోజు వెళ్లేసరికి చట్రాన్ని నేల మీద పడుకోబెట్టారు. చేతిలో కత్తెర. ఈ బొమ్మను కోసేస్తానని, ఇక బొమ్మలు చాలునని అన్నారు.

డబ్బా తెరిచి, పసుపంటిన ఆ గుడ్డ తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ గుడ్డను చూశారు, బొమ్మను చూశారు. ముఖం ఎర్రబడింది. "ఎనిమిది రోజులు నన్ను గుడ్డిదాన్ని చేశావు కదే" అన్నారు. గట్టిగా అనలేదు, అరిచినా బాగుండేది. నేను చీపురు మూల పెట్టి, డబ్బా తీసుకుని మెట్ల దాకా వెళ్లిపోయాను.

"ఆగు. ఎందుకు తుడిచావో చెప్పి వెళ్లు."

"మా ఆయన గోడలకు రంగులు వేస్తారండీ. కారితే తుడవాలి. లేకపోతే ఆయనకు తలవంపులని…"

అమ్మగారు నాతో పాటు చట్రాన్ని పైకెత్తి నిలబెట్టారు. డబ్బాలో పసుపు కలిపి, కుంచె ముంచి నా చేతికిచ్చారు. నేను భయపడి, చార గీయడం నాకు రాదన్నాను. "గీస్తే అది గీత. ఇది దానంతట అదే కారాలి. అక్కడ ఒత్తి, వదిలెయ్" అన్నారు.

ఒత్తాను. చుక్క కాసేపు అక్కడే వేలాడింది. తర్వాత కదిలింది. ఖాళీలోకి వచ్చేసరికి నా రెండో చెయ్యి గుడ్డ కోసం వెతుకుతోంది. గుడ్డ అమ్మగారు వీపు వెనక దాచిపెట్టి, ఇవ్వనన్నట్టు తల ఊపుతున్నారు. చెయ్యి పైటకొంగులో చుట్టుకుని నిలబడ్డాను. అది వంకరగా దిగింది, పాత దారిలో పోలేదు, పాతదాని కంటే ముందే ఆగిపోయింది. పాడైపోయిందా అని అడిగాను. "పాతది పోయింది. ఇది వేరే. ఉండనీ" అన్నారు. రేపటి నుంచి రమ్మన్నారు, గుడ్డ మాత్రం ఇక తనను అడిగాకే పట్టుకోమన్నారు.

ఇప్పుడు మీ చిన్న అక్షరాల ప్రశ్నకు జవాబు రాస్తాను.

ఆ రోజు బస్సు దగ్గర మీకు నా ముఖంలో ఏమీ కనిపించలేదన్నారు. కనిపించదండీ. మీరు సామాను పైకి అందించడానికి అటు తిరిగినప్పుడు తుడిచేశాను. టిక్కెట్టు కోసం తిరిగినప్పుడు ఇంకోసారి. మీరు కిటికీలోంచి చూసేసరికి మచ్చ మిగల్లేదు. అంత శుభ్రంగా తుడవడం మీరే నేర్పారు. అప్పటి నుంచి ప్రతి ఉత్తరంలోనూ "మీ ఇష్టం" అని రాస్తూ వచ్చాను. అదీ తుడవడమే. మీరు నలుగురిలో నిలబడాలనుకుని వెళ్లారు, నేను కారిపోతే మీకు తలవంపులని.

అమ్మగారు చెప్పినట్టు ఒక్కొక్కటే తీసేసి చూశాను. ఇంటికి చేయించాల్సిన మరమ్మతులు తీసేశాను. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో తీసేశాను. పొమ్మన్నా పోనిది ఒక్కటే మిగిలింది. సంతకం పెట్టకండి. వచ్చేయండి. నాకు హాయిగా లేదు, ఒక్క రోజు కూడా లేదు.

ఈ పేజీలో ఒకచోట సిరా అలుక్కుపోయింది. నీళ్లు చిందాయని రాద్దామనుకున్నాను, రాయడం లేదు.

మీ గదిలో వంటాయన అందరి ఉత్తరాలూ విప్పి చదివి వినిపిస్తాడని రాశారు. ఇది అతని కంట పడితే, మీరు వచ్చాక కూడా నేను మీ ముఖం చూడలేను. కాబట్టి చదవగానే కాల్చేయండి. లోపల మడిచి పెట్టిన గుడ్డ ముక్కను మాత్రం కాల్చకండి. అమ్మగారిని అడిగి తెచ్చుకున్నాను, అది మీ నీలం చొక్కాదే, దాని మీద ఉన్నది ఆ మొదటి చార. ఉత్తరం మాత్రం తప్పకుండా కాల్చేయండి.

ఇట్లు,
మీ కోసం చూస్తున్న
మీ ఇల్లాలు