వెన్ను పక్కన రెండు వేళ్లు

సాగర్ వాళ్ల నాయన గారికి ఎలీషబా వందనములు.

దేవుని దయవల్ల పెద్దారవీడులో అత్తమ్మ, నేను, బాబు కుదురుగానే ఉన్నాం. బెంగళూరులో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. కట్టే మేడల పరంజాల మీద పని, జాగ్రత్త. వాన పడిందా అని అడిగారు. ఒక మంచి వాన పడింది, కంది మొలిచింది. ఫోనులో మాట్లాడేటప్పుడు అత్తమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి ఇవన్నీ రాసి పంపుతున్నాను.

ఫోనులో ఆమె మూలుగు విని నడుముకు ఏమైందని అడిగారు. మీరు వెళ్లిన తర్వాతి వారమే నీళ్ల బిందె ఎత్తబోయి వాకిట్లో కూలబడింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది; ఇప్పుడు నయమైంది కాబట్టి చెబుతున్నాను. మార్కాపురం తీసుకెళ్తే ఎముకకు ఏమీ కాలేదన్నారు. మందులతో నొప్పి తగ్గింది గాని, వంగితే మళ్లీ పట్టేసేది. చివరికి మంచం దిగడానికే భయపడింది.

అప్పుడు ఫిజియోథెరపీ చేసే సరళ గారు విడమరిచి చెప్పారు. పైకి తెలిసే కండ కింద, వెన్నును ఆనుకుని, పూసకూ పూసకూ ముడివేసినట్లు చిన్న కండరాలు ఉంటాయట. బిందె కోసం చెయ్యి కదలకముందే అవి బిగుసుకుని పూసలను నిలబెడతాయట. గట్టి నొప్పి వస్తే అవి సన్నబడి పని మానేస్తాయి. నొప్పి పోయినా చాలామందికి వాటంతట అవి మేలుకోవు. మళ్లీ పని నేర్పాలి.

అత్తమ్మ బోర్లా పడుకుంటే, నేను వెన్నుకు రెండు పక్కలా వేళ్లు ఆనించాలి. ఆమె మెల్లగా ఊపిరి వదులుతూ లోపలి కండ బిగించాలి. చాలా రోజులు నా వేళ్లకు ఏమీ తెలియలేదు. ఒక ఉదయం ప్రార్థన అయ్యాక, వేళ్ల కింద కండ మెత్తగా ఉబ్బింది. కదిలిందని చెప్పాను. ఆమె దిండులో మొహం దాచుకుని ఏడ్చింది.

"మీ మామ పోయినాక నా వీపు మీద ఎవురూ చెయ్యి పెట్టలేదమ్మా" అన్నది.

ఇక ఇన్నాళ్లూ మీకు చెప్పని మాట. ఆమె పడిన రోజు నేను బట్టలు సర్దుకుని, బాబును తీసుకుని యర్రగొండపాలెం, మా అమ్మ దగ్గరికి బయలుదేరాను. మీరు లేని ఇంట్లో ఆమె మాటలు పడలేకపోయాను. తిరిగి రాకూడదనే అనుకున్నాను. వీధి మలుపు దాకా వెళ్లి, బిందె పడిన చప్పుడు విని వెనక్కి పరుగెత్తాను.

నిన్న ఆమెతోనే ఆ సంగతి చెప్పేశాను.

"సంచి చూసినానులే. ఉండమని అడిగేదానికి నోరు రాలేదు. ఇంక నీళ్లు నేనే తెచ్చుకోవాల గదా అని బిందె ఎత్తినా" అన్నది.

ఇప్పుడు నిదానంగా వంగుతోంది, లేస్తోంది. బరువులు మాత్రం ఎత్తనివ్వడం లేదు. నేను ఎక్కడికీ పోను. ఈసారి ఫోను చేసినప్పుడు ముందు ఆమెతో మాట్లాడండి.

ఇట్లు,
మీ భార్య
ఎలీషబా