ఖాళీ పెట్టెలు

జూన్ 4, ఆదివారం

డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. పాత జపాను సామాను పోగుచేసే మా క్లబ్బుకి ఆయనే ప్రెసిడెంటు. వచ్చే నెల ఎగ్జిబిషన్. అద్దాల బీరువా ముందు నిలబడి అన్నీ చూశారు. నల్ల టీగిన్నె దగ్గర ఆగిపోయారు. రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. కుమ్మరి బొటనవేలు నొక్కిన చోట తన వేలు పెట్టి చూసుకున్నారు. నవ్వారు. ఈసారి హాలు మధ్యలో ఇదే ఉంటుంది, పక్కన కార్డు మీద మీ పేరు రాస్తాం అన్నారు.

కాఫీ తాగుతారా అన్నాను. అప్పటికే మా ఆవిడ ఇచ్చిన కాఫీ ఆయన ముందు చల్లారిపోతోంది.

వెళ్తూ, పెట్టె కూడా తెమ్మన్నారు. జపానులో మంచి గిన్నె చేస్తే దాని కొలతకి కొయ్య పెట్టె కూడా చేయిస్తారు. మూత మీద కుమ్మరి కుంచెతో రాసి ఎర్ర ముద్ర వేస్తాడు. పెట్టె లేని గిన్నె ఇంటిపేరు చెప్పుకోలేని మనిషి లాంటిది అంటారు డాక్టరుగారు.

నా బతుకంతా గాజు, పింగాణీ సామాను కొట్టులోనే గడిచింది. ఎన్ని కప్పులు అమ్మానో. ఏ కప్పు పక్కనా ఎవరూ నా పేరు రాయలేదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు. చెప్తే నాకన్నా వాడే సంబరపడ్డాడు. ఇంక బావని పట్టుకోలేం అక్కా, ఇప్పటికే మాట్లాడడు, రేపట్నించి సైగలే అన్నాడు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. అంతసేపూ నా బీరువాలోని కొయ్య పిల్లి వాడి గుప్పిట్లోనే ఉంది. నిద్రపోతున్న పిల్లి, ఉసిరికాయంత. పూర్వం అక్కడివాళ్ళు నడుముకి వేలాడే సంచీ జారకుండా తాడు చివర ఇలాంటివి కట్టుకునేవారు. పిల్లిని చెక్కినవాడు తాడు దూర్చే కన్నాల్ని దాని పొట్ట కింద దాచేశాడు. ఇవన్నీ వాడికి నేనే చూపించాను. ఇంకెవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు.

పెట్టె కూడా అడిగారురా అన్నాను. పిల్లిని బీరువాలో పెట్టేసి, పనుందని వెళ్ళిపోయాడు.

జూన్ 6, మంగళవారం

అటక ఎక్కాను. పెట్టెలు లేవు. ఒక్కటీ లేదు.

క్లబ్బులో చాలామంది గిన్నెల్ని పెట్టెల్లోనే ఉంచుతారు. నాకది నచ్చదు. చూసుకోని వస్తువు ఎందుకు. అందుకే గిన్నెలు బీరువాలో, పెట్టెలు అటక మీద.

మా ఆవిడని అడిగాను. చెద పడుతోందని తమ్ముడు తీసుకెళ్ళాడండీ, మందు కొట్టించి తెస్తానన్నాడు అంది. ఎప్పుడంటే, చాలా రోజులైంది అంది. కూరలు తరుగుతూనే చెప్పింది. తల ఎత్తలేదు.

వాడికి ఫోన్ చేశాను. ఎల్లుండి తెచ్చేస్తా బావా అన్నాడు.

జూన్ 9, శుక్రవారం

రాలేదు.

జూన్ 11, ఆదివారం

డాక్టరుగారింట్లో మీటింగు. కొత్త మెంబరు ఒకాయన, రోడ్లు వేసే కాంట్రాక్టరు, చంకలో పెట్టెతో వచ్చాడు. బల్ల మీద పెట్టాడు.

నా పెట్టె.

దాని తాడు ఎప్పుడో తెగిపోతే నా పైజామా బొందు కట్టాను. కాంట్రాక్టరు ఆ బొందునే చూపించి, అల్లిక చూశారా, పాతకాలం పనితనం అన్నాడు. అందరూ వంగి చూశారు. ఒకాయన ఫోటో తీసుకున్నాడు.

లోపల నా గిన్నె లేదు. ఇంకేదో నల్ల గిన్నె. కొత్తది. చుట్టూ గుడ్డ కుక్కి ఇరికించారు. డాక్టరుగారు మూత మీది రాతనీ ముద్రనీ పుస్తకంలో బొమ్మతో పోల్చి చూశారు. సరిపోయాయి. గిన్నెని ఎవరూ అంతసేపు చూడలేదు. పెట్టె అసలుదైతే లోపలిదీ అసలుదే. మా క్లబ్బులో అంతే. ఎక్కడ దొరికిందని అడిగితే, ఫోటో ఫ్రేముల కొట్టాయన ఒకడు ఇప్పించాడు, బంగారం లాంటి మనిషి అన్నాడు.

మా బావమరిదిది ఫోటో ఫ్రేముల కొట్టు.

నా గిన్నె ఏ కుమ్మరిదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నానో ఆ మూత మీద ఆ కుమ్మరి పేరే ఉంది. అలాంటి నల్ల గిన్నె ఆయన ఒక్కటే చేశాడని పుస్తకంలో ఉంది, ఇద్దరి దగ్గరా ఉండే వీల్లేదు. డాక్టరుగారు నా వైపు తిరిగి, మీ పెట్టె ఏదండీ అన్నారు.

చెప్పాలి. చెప్తే మా ఆవిడ తమ్ముడి పేరు చెప్పాలి. లేదండీ అన్నాను.

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, పోనీలెండి, మనందరం ఎప్పుడో ఒకప్పుడు మోసపోయినవాళ్ళమే అన్నారు. హాలు మధ్యలో కాంట్రాక్టరు గిన్నె పెడతారట.

నాది ఇప్పుడు డూప్లికేట్.

జూన్ 12, సోమవారం ఉదయం

వాడే వచ్చాడు. దాచలేదు. కొట్టు సాగడం లేదట. పెట్టెలన్నీ అయిపోయాయట, ఒక్కోదాంట్లో ఒక్కో కొత్త గిన్నె పెట్టి అమ్మేశాడట. కాలు మీద కాలు వేసుకుని చెప్పాడు.

"నీ గిన్నెలు నీ బీరువాలోనే ఉన్నాయిగా బావా. నేను వాటిని ముట్టుకున్నానా? ఖాళీ పెట్టెలేగా తీసుకుంది."

నిన్న మీటింగులో జరిగింది చెప్పాను. నువ్వేమన్నావు అని అడిగాడు. ఏమీ అనలేదన్నాను. వాడు కుర్చీలో వెనక్కి వాలాడు.

"తెలుసు. నువ్వు నోరు విప్పవనే కదా ఆ ధైర్యం."

అలవాటు కొద్దీ పిల్లి కోసం బీరువాలో చెయ్యి పెట్టాడు. తలుపు వేసేశాను. వేలు నలిగింది. కావాలని కాదు. కావాలనేనేమో.

మా ఆవిడ తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వాడి వేలికి చుడుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఖాళీవే కదా అనుకున్నానండీ."

చెదా లేదు, మందూ లేదు. పాత దుప్పటిలో మూట కట్టి ఇచ్చింది ఆవిడే. ఎందుకో తెలిసే ఇచ్చింది.

జూన్ 13, మంగళవారం

ఆవిడ వడ్డించింది. తిన్నాను.

జూన్ 20, మంగళవారం

కాంట్రాక్టరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మొహమాటపడుతూ అడిగాడు. ఎగ్జిబిషన్‌కి జనం వస్తారు, పిల్లలు వస్తారు, తన గిన్నెని అక్కడ పెట్టడానికి భయమట. బ్యాంకు లాకర్లో పెట్టేస్తాడట. దాని బదులు పెట్టె పక్కన మీ గిన్నె పెట్టుకోనిస్తారా అన్నాడు. మీ డూప్లికేట్ అచ్చం అసలుదాన్లాగే ఉందని డాక్టరుగారు మెచ్చుకున్నారు అన్నాడు. నేను నొచ్చుకుంటానని నీళ్ళు నమిలాడు.

ఏం కావాలన్నా ఇస్తానన్నాడు. ఏమీ వద్దన్నాను. ఒక్కటే అడిగాను. నా గిన్నెని ఆ పెట్టెలోనే ఉంచాలి, ఎగ్జిబిషన్ అయ్యాక కూడా. వింతగా చూసి సరే అన్నాడు.

రేపు తెచ్చిస్తానన్నాను.

జూన్ 21, బుధవారం

గిన్నెని తువ్వాలులో చుడుతుంటే మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఇన్ని రోజులకి గట్టిగా మాట్లాడింది. నన్ను తిట్టండి, వాణ్ణి పోలీసులకి పట్టించండి, అది మాత్రం ఇవ్వకండి అంది. ఏడ్చింది.

ఆవిడకి ఎలా చెప్పాలో తెలీలేదు. నా బీరువాలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ నమ్మరు. ఆ పెట్టె చేరితే అందరూ నమ్ముతారు. నా పేరు లేకపోతే లేదు.

కొంచెం జరుగు అన్నాను. జరిగింది.

జూలై 2, ఆదివారం

హాలు మధ్యలో ఉంది. పక్కనే దాని పెట్టె. కార్డు మీద కాంట్రాక్టరు పేరు. ఒకావిడ దాని ముందు నిలబడి ఎంతకీ కదల్లేదు.

బావమరిది వచ్చాడు. చూశాడు. వాడి మొహం పాలిపోయింది. గుర్తుపట్టాడు. పట్టడం నేర్పింది నేనే. జనాన్ని తోసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. బావా, ఇది మనదే కదా అన్నాడు.

"మీరెవరండీ?" అన్నాను.