ఖాళీ రిజిస్టరు

చిరంజీవి అమ్మడుకి,

నాన్న ఆశీస్సులతో రాస్తున్నది. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నా మీద విసుగు మాత్రం తగ్గలేదు. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. గాజు ఫ్లాస్కు బీటలిచ్చినా ప్రమాదాల రిజిస్టరులో రాయిస్తారని మీ ల్యాబు మేడమ్ మీద మండిపడ్డావు. "మీ రిజిస్టరు పదకొండేళ్లుగా ఖాళీయే కదా నాన్నా, నేనూ నీ ల్యాబుకి మారిపోనా?" అని అడిగావు. వద్దమ్మా. కారణం చెప్తాను.

పోయిన నెల మా ల్యాబులో యాసిడ్ వ్యర్థాలు పోసిన సీసాకి ఎవరో మూత గట్టిగా బిగించారు. లోపల గ్యాసు పుట్టి సీసా పగిలింది. నా దగ్గర రీసెర్చి చేస్తున్న అమ్మాయికి కుడి మణికట్టు కాలింది. నీ ఈడు పిల్లే. గాజు ముక్కలు ఊడ్చేసి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని మూడు రోజులు పనిచేసింది. నాలుగో రోజు హాజరు పట్టీలో ఎడమ చేత్తో సంతకం పెడుతుంటే ఆపాను.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు తిడతారని సార్."

ల్యాబులో అందరికీ తెలుసట, నాకు తప్ప. ఆ ఖాళీ పేజీలను వచ్చినవాళ్లందరికీ చూపించి ఇన్నాళ్లూ మీసం మెలేశాను.

మీ అమ్మకి ఇంతవరకే చెప్పాను. మిగతాది నీకైనా చెప్పకపోతే ఒకచోట కాలు నిలవడం లేదు. నాకు తప్ప అని పైన రాశానే, అది నిజం కాదు. సీసా పగిలిన పూటే ఆ పిల్ల నా గది గుమ్మం దాకా వచ్చింది. ఒక చెయ్యి వెనక దాచుకుంది. "రీసెర్చి పేపరు జర్నలుకి పంపేదాకా నాకేమీ చెప్పకు" అన్నాను. వెనుదిరిగినప్పుడు ఆ కాలిన చెయ్యి చూశాను అమ్మడూ. చూసి, తల దించుకుని రాసుకున్నాను.

మచ్చ పోదని డాక్టరు చెప్పాడు. నిన్న రిజిస్టరు మొదటి పేజీలో జరిగిందంతా రాసి, కారకుల గడిలో నా పేరు పెట్టాను. రేపు విచారణ కమిటీ ముందూ ఇదే చెప్తాను. విద్యార్థులను నా దగ్గర ఉంచకపోవచ్చు. ఉంచకపోతే మానె.

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అది కాదు. నువ్వు మీ మేడమ్ ల్యాబులో చేరి రెండేళ్లు. చెయ్యి కాలిందనో, వేలు తెగిందనో ఒక్కసారీ నాకు రాయలేదు. మా పిల్ల ఎంత జాగ్రత్త అని మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు నీ పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నిజంగా ఏమీ కాలేదా తల్లీ, లేక నాకు చెప్పలేదా?

ఇట్లు,
తిట్టనని ఒప్పుకుని సంతకం చేస్తున్న
మీ నాన్న