వంతెన కింద అరచేతులు

అన్నయ్యకు,

కోల్మార్ నుంచి నీ చెల్లెలు జెర్మేన్ రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. రైన్ నది మీద నువ్వూ, నీ సరుకు ఓడా క్షేమమేనని తలుస్తాను. అమ్మ దగ్గు గురించి అడిగావు. తగ్గింది. కొత్త వైన్ వచ్చింది కదా, మందు అదేనట. డాక్టరుకి చెప్తానంటే, "ఆయనకీ ఓ గ్లాసు పొయ్యవే," అంది.

పడవల సంగతి ఏమైందని అడిగావు. ఊరు చూడవచ్చినవాళ్ళను తిప్పే ఆ పడవలను మన కాలువలోంచి తరిమెయ్యాలని వీధి సంఘంలో తీర్మానం పెట్టింది నేనే. పడవల్లోవాళ్ళు కిటికీల్లోకి ఫోటోలు తీస్తున్నారని మన ఇంట్లో నీ పైవాటాలో అద్దెకు దిగిన అతిథులు విసుక్కుంటున్నారు, అది నీ బాధ. కూరగాయలవాళ్ళ కాలువను బొమ్మల కొలువు చేశారని నా మంట. మంట ఇప్పటికీ చల్లారలేదు, ముందే చెప్తున్నా.

తిట్టడానికి సాక్ష్యం కావాలి కదా, ఆదివారం నేనే పడవెక్కాను. అమ్మ తనూ వస్తానని పట్టుబట్టింది. నడిపేది రెమీ.

"రా జెర్మేన్, మమ్మల్ని ముంచడానికి వచ్చి నువ్వే మునిగేవు, జాగ్రత్తగా కూర్చో," అన్నాడు.

"నోరు మూసుకుని నడుపు."

"మథిల్డ్ పిన్నీ, దీనికి చిన్నప్పుడు ఏం పోసి పెంచావు?"

"పులిసిన వైన్," అంది అమ్మ.

పడవ కదిలింది. అన్నయ్యా, ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే జుట్టు నెరిసి, నీళ్ళలోంచి ఊరిని ఒక్కసారీ చూడలేదు నేను. దూలాలు బయటికి తేలిన ఆ పాత ఇళ్ళన్నీ మన మీదికి వంగి, ఎవరొచ్చారా అని చూస్తున్నట్టున్నాయి. గోడల మొదట్లో బట్టలుతికిన మెట్లు, పడవలు కట్టిన ఇనుప కడియాలు. ఇళ్ళ సందులోంచి దూరంగా, పసుపెక్కిన ద్రాక్షతోటల కొండ. నాకు నోట మాట రాలేదు. నాకు!

చిన్న వంతెన దగ్గర రెమీ తలలు వంచమన్నాడు. అందరూ వంగారు. అమ్మ మాత్రం వెనక్కి వాలి, అరచెయ్యి కాలువలో తడిపి, వంతెన అడుగురాతికి అద్దింది. చుట్టూ రాయి గరుకు. అక్కడ మాత్రం చేతిమేర నున్నగా గుంటపడి ఉంది.

"ఏమిటమ్మా అది?"

"పడవలో బజారుకి తీసుకెళ్ళిన కూరంతా అమ్ముడైన రోజున, తిరిగొస్తూ తడిచెయ్యి అద్దేవాళ్ళం. మా అమ్మ, వాళ్ళమ్మ, ఈ రెమీ నాయనమ్మ, అందరం. ఏమీ మిగల్లేదని వంతెనకి చెప్పుకోవడం."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు విన్నావు? ఇంట్లో ఉపన్యాసం ఎప్పుడూ నీదేగా."

రెమీ పడవ ఆపి పట్టుకున్నాడు. నేనూ చెయ్యి తడిపి పెట్టాను. ఉలి తొలిచిందంటే నమ్మొచ్చు. తడిచేతులు! తోటపని ఆడవాళ్ళ తడిచేతులు రాయిని తొలిచాయి! కష్టజీవుల చరిత్ర అని గొంతు చించుకునేదాన్ని. రోజూ ఆ చేతుల మీదుగానే నడిచి సభలకు వెళ్ళాను.

వంతెన దాటాక, కొన్నాళ్ళుగా గడప దాటని అమ్మ ఒక్కో కిటికీని పేరు పెట్టి అడిగింది. "కున్‌ట్జ్ వాళ్ళు ఉన్నారా?"

"స్టేషను అవతలికి పోయారు పిన్నీ. ఇక్కడి అద్దె కట్టలేక."

"పక్కన, ఆ కుంటి ఎమిలియా?"

"ఆమె కూడా."

ప్రతి తలుపు పక్కనా, రోజుకొకరుగా వచ్చే అతిథుల కోసం తాళంచెవి దాచే చిన్న పెట్టె. తర్వాత మన ఇల్లు వచ్చింది. అమ్మ ఏమీ అడగలేదు. ఆ పైవాటాలో, నువ్వు ఖాళీ చేయించేదాకా, పెళ్ళాంపిల్లలతో ఉన్నది రెమీయే కదా. వాడు నీళ్ళ వంక చూస్తూ తెడ్డు వేశాడు.

మనం తరిమెయ్యాలనుకున్నది ఎవరిని అన్నయ్యా? పడవవాడు కంటికి కనిపిస్తాడు, కిందుంటాడు, తిట్టడం సులువు. వీధిని ఖాళీ చేసినవాళ్ళు నీళ్ళ మీద లేరు. సంఘం సభలో ముందు వరసలో కూర్చుని నాకు చప్పట్లు కొడుతున్నారు.

ఇంతసేపూ దాటవేశాను, ఇక చెప్పేస్తాను. గురువారం సభలో పడవల తీర్మానం వెనక్కి తీసుకున్నాను. దాని బదులు, కాలువ వీధి ఇళ్ళు కాపురముండేవాళ్ళకే అద్దెకివ్వాలని కొత్తది పెట్టాను. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలోంచి గెర్బెర్ లేచి, "ధైర్యముంటే ఎవరెవరి ఇళ్ళో పేర్లు చెప్పు," అన్నాడు. చెప్పాను. మొదట మనదే.

"అది మీ అన్నయ్యది కదా?"

"అవును. అందుకే మొదట చెప్పాను."

నిన్ను అడగకుండా చేశాను. ఆ పైవాటా రాబడి నీ ముసలితనానికి ఆసరా అనీ తెలుసు. తిట్టు, పడతాను. సంఘం ఏం తేలుస్తుందో నాకు తెలియదు. కానీ మన ఇంటి మటుకు సంఘం దాకా పోనక్కర్లేదు, నువ్వు ఊ అంటే చాలు.

అమ్మతో చెప్పాను. వింటూనే, ఆ రోజు అతిథులెవరూ లేని పైవాటాకెక్కి కిటికీలన్నీ తెరిచింది. "మీ అన్నయ్య ఒప్పుకుంటాడో లేదో. ఒప్పుకుంటే, రెమీ పిల్లలొచ్చేసరికి ముక్కిన వాసన ఉండకూడదు," అంది.

ఇట్లు,
నీ మాట వినని చెల్లెలు,
జెర్మేన్