నూనె మట్టం

మద్రాసు,
బుధవారం సాయంత్రం.

పూజ్యులైన నాయనకు కుమారుడు దావీదు చేతులు జోడించి రాసుకునేది. దేవుని దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. మీరు, అమ్మ, చెల్లెలు సలోమి, మన రెండు గొర్రెలు క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందో రాయించండి. ఈ ఉత్తరం చదివి వినిపించే పాస్టరు అయ్యగారికి నా వందనాలు.

నేను బాగానే ఉన్నాను. పూటకూళ్ళ ఇంట్లో రెండు పూటలా వరి అన్నమే. జొన్న సంగటి ఉందా అని అడిగితే వడ్డించేవాడు నన్ను వింతగా చూశాడు. ఇక్కడ కొళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. ఆ మాట మన పుల్లలచెరువులో చెబితే ఎవరూ నమ్మరు. ఎండ మన ఎండంత కాదుగాని చెమట ఆరదు. పక్క మంచాలవాళ్ళు అరవంలో మాట్లాడుకుంటారు, నేను గోడవైపు తిరిగి పడుకుంటాను. అయినా బాగానే ఉన్నాను, అమ్మను దిగులు పడవద్దనండి.

"పలకల గని ఇడిసిపెట్టి పోయినోడివి, నూనె తాగే ఇనప పెట్టె ఏందిరా, దానికి నీ కాపలా ఏంది?" అని పోయిన ఉత్తరంలో రాయించారు. చెబుతాను. దూరం నుంచి తీగల మీద వచ్చే కరెంటు చాలా జోరుగా ఉంటుంది. దాన్ని అట్లాగే ఇళ్ళలోకి వదిలితే దీపాలు మాడిపోతాయి. ఆ జోరు తగ్గించేదే ఈ పెట్టె. ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. లోపల ఇనప దిమ్మకు కాగితం చుట్టిన రాగి తీగ రెండు చుట్టలుగా ఉంటుంది, ఒకదానికి చుట్లు ఎక్కువ, రెండోదానికి తక్కువ. ఒకదానికొకటి తగలవు. అయినా మొదటిదానిలో కరెంటు పారితే దిమ్మ అయస్కాంతమై, రెండోదానిలో తక్కువ జోరు కరెంటు పుట్టిస్తుంది. ఎట్లా అని నన్ను అడగవద్దు, మా మేస్త్రీకే తెలియదు.

ఇదంతా నూనెలో మునిగి ఉంటుంది. తీగలు వేడెక్కితే నూనె ఆ వేడిని తీసుకుని పైకి లేస్తుంది, పెట్టె పక్కనున్న గొట్టాల్లో చల్లబడి కిందికి దిగుతుంది. ఎవరూ తిప్పనక్కరలేదు. కరెంటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకకుండా ఆపేదీ ఆ నూనే.

మా మేస్త్రీ పేరు మునుస్వామి. యాభై దాటినవాడు, ఇక్కడ నాతో తెలుగులో మాట్లాడేది ఆయనొక్కడే. తన క్యారియరులో పులుసన్నం సగం నాకు పెట్టేవాడు. చేరిన రోజే చెప్పాడు: "ఈ పెట్టె వానకీ ఎండకీ బయటే నిలబడుద్ది, ఏండ్ల తరబడి కిక్కురుమనదు. కానీ నూనె కారుద్ది, చూసుకుంటా ఉండాల. అంటుకుంటే మాత్రం ఆపలేం. పెట్టెకున్న గాజులో నూనె మట్టం గీత దిగనీయబాక."

అయ్యగారూ, ఇక్కడి నుంచి అమ్మ దగ్గర లేనప్పుడు చదవండి.

పది రోజుల కిందట ఆదివారం కరెంటు ఆపి పెట్టె తుడిచాము. గాజులో నూనె గీత కిందికి దిగి ఉంది. మునుస్వామి నూనె డబ్బా కోసం గిడ్డంగికి పోయాడు. నేను నిచ్చెన మీద ఉన్నాను. మందిరంలో మన గాజు దీపం జ్ఞాపకం వచ్చింది. సగం దాకా నీళ్ళు, పైన ఆముదం, తేలే వత్తి. నీళ్ళకే కరువైన ఊళ్ళో నూనె కలిసిరావాలని నీళ్ళు పోసేవాళ్ళం. నీళ్ళు అడుగున ఉంటాయి, నూనె పైకి వస్తుంది. చెంబుడు నీళ్ళు తెచ్చి పై మూత తీసి పోశాను. మట్టం గీతకు వచ్చింది.

గిడ్డంగి తాళం వేసి ఉందని ఆయన వట్టి చేతులతో వచ్చాడు. గాజు చూసి, "నూనె యాడిదిరా?" అన్నాడు.

"పాత డబ్బా అడుగున ఉంటే పోసినా" అన్నాను.

నీళ్ళని చెబితే పల్లెటూరి తెలివి అని నవ్వుతాడేమోననిపించింది. ఆయన నా భుజం తట్టాడు.

రెండు రోజులకు, మంగళవారం మధ్యాహ్నం, వేడి ఎంతుందో చూడడానికి ఆయన పెట్టె దగ్గరికి పోయినప్పుడు అది పేలింది. కాగిన నూనె రెండు చేతుల మీదా పడింది. నేను క్యారియర్లు తెస్తూ గేటు దగ్గర ఉన్నాను. ఆయన్ను ఈడ్చుకొచ్చింది నేనే.

ఆసుపత్రిలో ఆయనే చెప్పాడు: "నూనెలో రవ్వంత తేమ చేరినా కరెంటు దూకుద్దిరా. అందుకే అది గాలి పీల్చే చోట తెల్లరాళ్ళ డబ్బా పెట్టినారు, గాల్లో తేమ అదే తాగేస్తది." ఆ డబ్బాను నేను రోజూ తుడిచాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

పెట్టె అడుగున నీళ్ళు కనబడ్డాయి. మూత సరిగా బిగించక వాన నీళ్ళు దిగాయని, తప్పు మేస్త్రీదని మా పైఅధికారి దొర కాగితం రాయించాడు. ఆయనా అట్లాగే నమ్ముతున్నాడు. రేపు ఆయన్ను పనిలోంచి తీసేస్తారు. వేలిముద్ర వేద్దామంటే ఆయన వేళ్ళు కట్లలో ఉన్నాయి గనుక, ఆయన ఒప్పుకున్నట్టు నన్ను సాక్షి సంతకం చేయమన్నారు.

ఎనిమిది రోజులుగా నేనే ఆయనకు అన్నం తినిపిస్తున్నాను. "ముద్ద పెద్దదైందిరా, ఎద్దుకు పెట్టినట్టు పెడతావు" అంటాడు. నేను చిన్నది చేస్తాను. నాకు ఏడుపు రాదు నాయనా. ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది.

రేపు సంతకం చేయను. నీళ్ళు పోసింది నేనని ముందు ఆయనకు, తర్వాత దొరకు చెబుతాను. పని పోతుంది. జైలుకు పంపుతారేమో తెలియదు. పోయిన ఉత్తరంలో నేను అడిగిన కొర్రలు పంపవద్దు, నేను ఈ చిరునామాలో ఉండకపోవచ్చు.

అమ్మకు మీరే నిదానంగా చెప్పండి. పెద్దనాయనకు, పెద్దమ్మకు నా వందనాలు. సలోమిని బాగా చదువుకోమనండి. ఆదివారం ప్రార్థనలో మునుస్వామి చేతులను జ్ఞాపకం చేసుకోండి, నా పేరు తర్వాత తీసుకోవచ్చు.

దీపం సంగతి విని మీరు బాధపడతారని తెలుసు. మీరు నేర్పింది దీపానికి నాయనా, తీసుకొచ్చి ఇక్కడ పోసింది నేను. మందిరం దీపంలో ఎప్పటిలాగే నీళ్ళు పోయండి.

ఇట్లు,
మీ ఆశీర్వాదం కోరే కుమారుడు,
దావీదు